అలుగు మీద ఐదు వరుసలు

మా కాలనీ పక్కన కొత్త లేఔట్ పడుతోందని తెలిసిన రోజు నుంచి, దాని నక్షా మారి అనుమతి వచ్చే వరకు పదహారు నెలలు పట్టింది. ఈ మధ్యలో నన్ను చాలామంది అడిగినవి మూడే ప్రశ్నలు: ఎక్కడ మొదలుపెట్టారు, ఎంత ఖర్చయింది, భయం వేయలేదా? ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పి చెప్పి విసుగొచ్చి ఇలా ఒక్కచోట రాస్తున్నాను. నేను ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్లు చూసే మనిషిని. ఉద్యమాలు తెలియవు. రసీదులు, తేదీలు దాచుకునే అలవాటు మాత్రం ఉంది. చివరికి అదే పనికొచ్చింది.

మాది హైదరాబాద్ శివారులో ఘట్‌కేసర్ వైపు, ఔటర్ రింగ్ రోడ్డుకు లోపల. 2017లో ఇల్లు కట్టుకుని వచ్చాం. మా వెనక వీధి దాటితే ఒక కుంట. దాని అలుగు, అంటే కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే రాతి కట్టు, అక్కడి నుంచి కింది చెరువుకు పోయే వాగు. వాగుకు అవతల ముప్పై నాలుగు ఎకరాల బీడు, అందులో ఈత చెట్లు, ఒక మూల బండరాళ్ల గుట్ట. ఊళ్లోవాళ్లు అక్కడ గొర్రెలు మేపేవారు, మేము పొద్దున నడకకు వెళ్లేవాళ్లం.

2024 ఫిబ్రవరి 11, ఆదివారం. బీడు నిండా సున్నం గీతలు, గీతల మూలల్లో రాతి కడీలు. ఒక జేసీబీ వాగు గట్టు మీద నిలబడి మట్టిని వాగులోకి నెడుతోంది. డ్రైవర్‌ను అడిగితే, "రోడ్డు పడుతోందమ్మా, అరవై అడుగులది" అన్నాడు. మరి వాగు ఎటు పోతుంది? "పైపు వేస్తారు." ఎంత పైపు అంటే నోటితో చెప్పలేదు, రెండు చేతులు ఎడంగా పెట్టి చూపించాడు. రెండున్నర అడుగులు ఉంటుందేమో. ఆ చేతుల మధ్య ఖాళీ నాకు చాలా రోజులు కళ్లలో ఆడింది.

ఎందుకంటే 2020 అక్టోబర్ 13 రాత్రి మేము ఆ వాగును చూశాం. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కించి, మా అత్తగారిని మేడ మీదికి పంపి, తెల్లవార్లూ గుమ్మం దగ్గర టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాం. తెల్లారేసరికి నీళ్లు తీశాయి. వాటిని తీసుకుపోయింది ఆ వాగే. కాబట్టి పక్షుల కోసమో చెట్ల కోసమో నేను బయలుదేరానని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు. నా గుమ్మం కోసం బయలుదేరాను. పక్షులు తర్వాత వచ్చాయి.

ఫిబ్రవరి 19, సోమవారం, కలెక్టరేట్‌లో సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాను. పొద్దున తొమ్మిదిన్నరకే నా ముందు డెబ్బై మంది ఉన్నారు. బయట చెట్టు కింద అర్జీలు రాసేవాళ్లు వంద రూపాయలు అడుగుతారు. ఎవరి చేతిరాత వాళ్లు తెచ్చుకున్నా తీసుకుంటారు. నేను చేసిన తప్పు ఏమిటంటే వాగు పూడ్చడం, చెట్లు కొట్టడం, రోడ్డు వేయడం అన్నీ ఒకే కాగితం మీద రాశాను. ఒక కాగితం ఒక శాఖకే పోతుంది. నాది పోయిన కార్యాలయం "ఈ విషయం మా పరిధిలోనిది కాదు" అని మరో కార్యాలయానికి పంపి చేతులు దులుపుకుంది. పన్నెండు రోజులకు నా ఫోనుకు సందేశం: మీ దరఖాస్తు పరిష్కరించబడింది. ఆ సాయంత్రం వెళ్లి చూస్తే జేసీబీ పక్కన రెండోది వచ్చి ఉంది.

మళ్లీ మూడు వేర్వేరు కాగితాలు రాసుకున్నాను. ఈలోపు మార్చి 16న లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది, ప్రజావాణి ఆగిపోయింది. జూన్ మొదటి వారం దాకా అర్జీ ఇవ్వడానికి సోమవారమే లేకుండా పోయింది. కోడ్ అర్జీలకే గానీ జేసీబీలకు లేదు.

ఆ మూడు నెలలూ సమాచార హక్కు దరఖాస్తులు నడిచాయి. ఫిబ్రవరి 26న మూడు చోట్ల వేశాను. రుసుము పది రూపాయలు, మండల స్థాయి కార్యాలయానికైతే ఐదు. మా పోస్టాఫీసులో పది రూపాయల పోస్టల్ ఆర్డర్లు అయిపోయాయి, రెండు రోజుల తర్వాత రమ్మన్నారు. కోర్టు ఫీజు స్టాంపు అంటించినా చెల్లుతుందని అక్కడి గుమాస్తానే చెప్పాడు. ఇంకో సంగతి. "ఎందుకు అనుమతించారు" అని అడిగితే జవాబు రాదు. వాళ్ల దగ్గర ఉన్న కాగితాన్ని పేరు పెట్టి అడగాలి. నేను అడిగినవి: గ్రామ నక్షా నకలు, కుంటకు సంబంధించిన పాత రికార్డు, ఆ సర్వే నంబర్లకు నీటిపారుదల శాఖ నిరభ్యంతర పత్రం ఇచ్చి ఉంటే దాని నకలు, లేఔట్ దరఖాస్తు ప్రతి. చట్టం ప్రకారం ముప్పై రోజులు. ఒకచోట నుంచి ఇరవై ఆరో రోజున వచ్చింది. రెండోచోట నుంచి మొదటి అప్పీలు వేశాక, మే 9న. మూడోచోట లేఔట్ దరఖాస్తు మూడో వ్యక్తి సమాచారం కాబట్టి ఇవ్వం అన్నారు. పేజీకి రెండు రూపాయలు, నక్షాలకు వేరే ధర.

లేఔట్‌కు అనుమతి ఇచ్చే ముందు చుట్టుపక్కల వాళ్లను పిలిచి అడిగే ఘట్టం ఒకటి ఉంటుందని నేను అనుకున్నాను. లేదు. మనమే వెతుక్కుంటూ వెళ్లి అభ్యంతరం ఇవ్వాలి. అది ఏ ఫైలులో పడిందో మనమే వెంటపడి తెలుసుకోవాలి.

గ్రామ నక్షాను మా డైనింగ్ టేబుల్ మీద పరిచి నాలుగు గ్లాసులు మూలలకు పెట్టాం. వాగు రెండు గీతలుగా, మధ్యలో ఖాళీతో ఉంది. మావారు స్కేలు పెట్టి కొలిచారు, నేను లెక్క కట్టాను. దాదాపు పదకొండు మీటర్లు. ఆ అంకె చూసి నాకు జేసీబీ ఎందుకు గట్టు వైపు నుంచే మట్టి నెడుతోందో అర్థమైంది. 2012 నాటి 168 నంబరు జీవోలో వాగుల సంగతి ఇలా ఉంది: వెడల్పు పది మీటర్లు దాటితే ఇరువైపులా తొమ్మిదేసి మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. పది లోపు అయితే రెండు మీటర్లు చాలు. చెరువులకైతే పది హెక్టార్లు, ఆ పైన ఉన్నవాటికి పూర్తి నీటిమట్టం గీత, అంటే ఎఫ్‌టీఎల్ నుంచి ముప్పై మీటర్లు. అంతకన్నా చిన్నవాటికి తొమ్మిది.

మా వాగు లేఔట్ అంచున 310 మీటర్ల పొడవు ఉంటుంది. మట్టి పోసి వాగును పది మీటర్ల లోపుకు కుదిస్తే రెండే వదలొచ్చు. తొమ్మిదికి రెండుకి తేడా ఏడు. ఏడును 310తో గుణిస్తే 2,170 చదరపు మీటర్లు, అంటే దాదాపు 2,600 గజాలు. గజం ముప్పై వేలు అనుకున్నా ఏడున్నర కోట్ల పైన. వాగులో మట్టి నెట్టడానికి జేసీబీకి గంటకు ఎంత ఇస్తారో నాకు తెలియదు గానీ, లాభసాటి పనే.

జూన్ 16, ఆదివారం. నాలుగైదు వానలు పడ్డాయి, కుంటలోకి నీళ్లు చేరుతున్నాయి. ఊళ్లో పాత నీరడి ఒకాయన ఉన్నాడు. డెబ్బై ఐదేళ్లు దాటాయి. కుంట కింద పొలాలున్న రోజుల్లో తూము ఎత్తి నీళ్లు వదలడం, కట్ట చూసుకోవడం ఆయన పని. పొలాలు ప్లాట్లయ్యాక పని పోయింది, అలవాటు పోలేదు. వాన పడితే కట్ట మీదికి వస్తాడు. ఆయన నన్ను పిలిచి, "బిడ్డా, అలుగు చూశావా?" అన్నాడు.

నేను చూస్తూనే ఉన్నాను. ఏమీ కనబడలేదు. ఆయన చేతికర్రతో రాయిని తట్టాడు. పాత రాళ్లు నల్లగా, పాచిపట్టి ఉన్నాయి. పై వరుసలో మాత్రం కొన్ని రాళ్ల మీద తెల్లటి కొత్త పగుళ్లు, గునపం దెబ్బలు. పక్కన తుమ్మ పొదలో ఊడదీసిన రాళ్లు పడేసి ఉన్నాయి. "ఐదు వరుసలు ఉండాలి. మూడే ఉన్నాయి" అన్నాడు. ఒక్కో వరుస తొమ్మిది అంగుళాలు. రెండు వరుసలంటే అడుగున్నర.

అడుగున్నర ఎత్తు పోతే ఏమవుతుంది అని నేను అమాయకంగా అడిగాను. ఆయన కర్రతో కుంట అవతలి ఒడ్డును చూపించాడు. కుంట అంటే పళ్లెం కాబట్టి, అంచు కొంచెం దిగితే నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి. అలుగు తల ఎంత ఎత్తులో ఉంటే అక్కడి దాకానే పూర్తి నీటిమట్టం లెక్క. ఆ గీత నుంచే తొమ్మిది మీటర్లు కొలుస్తారు. అలుగు రాళ్లు ఊడదీసిన వాడికి ఈ జీవో నాకంటే బాగా తెలుసు.

ఆన్‌లైన్‌లో ఉన్న చెరువుల జాబితాలో మా కుంట పేరుంది, హద్దుల నక్షా మాత్రం లేదు. అంటే ఎప్పుడో ఒకరోజు సర్వే చేయడానికి వస్తారు, వచ్చిన రోజున అలుగు ఎంత ఎత్తుంటే అంతే రాసుకుపోతారు. ఐదు వరుసలు ఉండేవని తాత చెప్తే ఎవరు వింటారు?

ఆ రాత్రి మా అమ్మాయి తన ఫోనులో ఒక పాత ఫొటో చూపించింది. 2019 అక్టోబర్ 6, సద్దుల బతుకమ్మ. మా కాలనీ ఆడవాళ్లం బతుకమ్మలను ఆ కుంటలోనే వదులుతాం. తొమ్మిదేళ్ల మా అమ్మాయి, వెనక వీధి వదిన గారి అమ్మాయి, ఇద్దరూ పట్టు లంగాల్లో అలుగు పక్కన నవ్వుతూ నిలబడ్డారు. పిల్లల మొహాలు చూడాల్సిన ఫొటోలో నేను వెనకాల రాళ్లు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

జూలైలో ప్రైవేటు సర్వేయర్‌ను పెట్టుకున్నాం. తొమ్మిది వేలు. కాలనీలో అరవై నాలుగు ఇళ్లుంటే చందా ఇచ్చినవి పంతొమ్మిది. మిగిలిన వాళ్లను తప్పుపట్టను. అందులో ఇద్దరు ఆ కొత్త లేఔట్‌లో ముందస్తుగా ప్లాట్లకు డబ్బు కట్టారని తర్వాత తెలిసింది. సర్వేయర్ రెండు రకాలుగా లెక్క వేసి ఇచ్చాడు. మూడు వరుసల అలుగు లెక్కన కుంట ఆరు ఎకరాల ముప్పై గుంటలు. ఐదు వరుసలైతే తొమ్మిది ఎకరాల పన్నెండు గుంటలు. తేడా రెండు ఎకరాల ఇరవై రెండు గుంటలు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ నక్షాను తిప్పి మా కాలనీ వైపు చూసినప్పుడు నా గొంతు ఎండిపోయింది. ఐదు వరుసల గీత గీస్తే దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన తొమ్మిది మీటర్ల బఫర్ మా వెనక వీధిలోకి కూడా వస్తోంది. నాలుగు ఇళ్లు తగులుతున్నాయి. అందులో ఒకటి వదిన గారిది. ఆమె వంటింటి గోడ రెండున్నర మీటర్లు లోపల ఉంది. మా ఇల్లు రెండు వీధుల ఇవతల.

సరిగ్గా అప్పుడే, జూలై 19న, చెరువుల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రాను ఏర్పాటు చేస్తూ జీవో వచ్చింది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ అనే ఫంక్షన్ హాలును కూల్చారు. టీవీలో రోజంతా జేసీబీలే. అంతకుముందు దాకా మా వాట్సాప్ గ్రూపులో "కుంటను కాపాడాలి" అని చప్పట్లు కొట్టినవాళ్లు ఒక్కసారిగా గప్‌చుప్. నివాసం ఉంటున్న ఇళ్ల జోలికి రామని అధికారులు ఆ తర్వాత చెప్పారు. కానీ భయానికి ఆ ప్రకటన కనబడదు, పొక్లెయిన్ కనబడుతుంది.

సెప్టెంబరు మొదటి ఆదివారం కాలనీ సమావేశం. నక్షా విషయం దాచాలా, చెప్పాలా అని రెండు రాత్రులు నిద్రపోలేదు. మావారు దాచమనలేదు, చెప్పమనలేదు, "నీ ఇష్టం" అన్నారు. ఆ మాట కన్నా కోప్పడి ఉంటే బాగుండేది. చెప్పాను. వదిన లేచి నిలబడి, అందరి ముందూ, "నీ వాగు కోసం నా వంటిల్లు కొలతలోకి తెచ్చావు" అంది. బ్యాంకు అప్పు ఇంకా పదకొండేళ్లు ఉంది వాళ్లకు. నా దగ్గర జవాబు లేదు. ప్రెసిడెంటు గారు టీలు తెప్పించారు. ఎవరూ తాగలేదు. సంఘం పేరుతో ఇక ఏ అర్జీ వేయకూడదని తీర్మానం చేశారు. ఆ తర్వాతవన్నీ నా ఒక్కదాని పేరు మీద వేసినవే.

నేను ఆగిపోవాల్సిందేమో. ఇప్పటికీ నూటికి నూరుపాళ్లు తేల్చుకోలేదు. నాకు నేను చెప్పుకున్నది ఇది: మూడు వరుసల అలుగుతో గీత ఖాయమైతే వదిన వంటిల్లు కాగితం మీద భద్రం, వానలో కాదు. కుంటకు తీసేసిన రెండున్నర ఎకరాల నీళ్లు ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా. ఈ మాట వదినతో అనే ధైర్యం మాత్రం రాలేదు.

సెప్టెంబరులోనే లేఔట్ తరఫున ఒకాయన మా ఇంటికి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. మిఠాయి డబ్బా టీపాయ్ మీద పెట్టి, మా కాలనీకి కమ్యూనిటీ హాలు కట్టిస్తామన్నాడు. వెళ్లేముందు మా అమ్మాయి ఏ స్కూలో అడిగాడు. మామూలుగానే అడిగి ఉండవచ్చు. ఆ డబ్బా మేమెవరం తెరవలేదు. ఆ నెలంతా అమ్మాయిని మావారే స్కూలు దగ్గర దింపారు.

చెట్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఒక రాత్రి రెండు వేపలు, ఒక రావి నేలకూలాయి. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద ఫిర్యాదు చేశాను. జరిమానా కట్టించారు. జరిమానా రసీదు ఉంటే మిగతావి కూడా కొట్టవచ్చని అవతలివాళ్లు అనుకున్నారు. ఆపింది ఎవరో తెలుసా? ఈత చెట్ల మీదికి జేసీబీ వచ్చిన రోజున కల్లు గీత కార్మికుల సంఘం వాళ్లు ఏడెనిమిది బండ్ల మీద దిగారు. ఈత, తాటి చెట్లు కొట్టాలంటే ఎక్సైజ్ శాఖ అనుమతి ఉండాలి, చెట్లకు నంబర్లు కూడా ఉన్నాయి. నేను ఎనిమిది నెలలు రాసిన కాగితాలు చేయలేని పని కల్లు ముంత ఒక్క పూటలో చేసింది. నలభై ఒక్క ఈత చెట్లు ఈరోజుకీ ఉన్నాయి. నాకంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి ఉండాల్సింది.

కుంటను, వాగును శాఖలు కలిసి కొలిచే ఉమ్మడి సర్వే తేదీ అక్టోబర్ 24, గురువారం అని కబురు వచ్చింది. దానికి వారం ముందు నీటిపారుదల కార్యాలయంలో ఒక ఇంజనీరుకు ఫొటో చూపించాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, "ఇది 2019దని ఎలా నమ్మాలి? వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకు తేదీ ఉండదు. అసలు ఫొటో కావాలి" అన్నారు. న్యాయమైన మాటే. అసలు ఫొటో తీసింది వదిన, తన ఫోనుతో.

వాళ్ల గేటు దాకా రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను. చివరికి ఫోనులో రాశాను: "పిల్లల బతుకమ్మ ఫొటో అసలుది ఉంటే పంపుతారా? ఎందుకో మీకు తెలుసు. పంపకపోయినా నేనేమీ అనుకోను." రెండు రోజులు జవాబు లేదు. సర్వేకు ముందు రాత్రి పదకొండు గంటల పది నిమిషాలకు ఫోను మోగింది. ఫొటో వచ్చింది, తేదీ, సమయం చెరిగిపోకుండా ఫైలుగా పంపింది. కింద ఒక్క అక్షరం లేదు. నేను "థాంక్స్ వదినా" అని రాసి, చెరిపేసి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపేశాను.

సర్వే రోజు సెలవు పెట్టాను. పది గంటలకు రమ్మన్నారు, యంత్రం వచ్చేసరికి పన్నెండున్నర. నీళ్లు, గొడుగు, తినడానికి ఏదైనా తీసుకెళ్లండి. అక్కడ నిలబడిన మనిషిని ఎవరూ గుర్తు పెట్టుకోరు, నిలబడని మనిషి మాట అసలు లెక్కలోకి రాదు. నీరడి తాతను నేను ఆటోలో తీసుకొచ్చాను. ఆయన తిన్నగా తూము దగ్గరికి వెళ్లి, రాతి స్తంభం మీద పాచి గీకి ఒక గంటు చూపించాడు. కుంట నిండి అలుగు పోసే రోజున నీళ్లు అక్కడికి వచ్చేవట. సర్వేయర్ కుర్రాడు మొదట నవ్వాడు. తర్వాత యంత్రం తిప్పి గంటు ఎత్తు చూశాడు. మళ్లీ చూశాడు. ఫొటోలో ఐదో వరుస ఎత్తుకు, ఆ గంటుకు తేడా రెండు అంగుళాల లోపే. నవ్వడం మానేసి తాతను, "ఇంకెక్కడైనా గుర్తులున్నాయా?" అని అడిగాడు.

వాగు మూడు చోట్ల కొలిచారు. మట్టి నెట్టిన చోట 6.2 మీటర్లు. దానికి పైన, మట్టి పడని చోట 11.4. కింద 10.8. లేఔట్ తరఫు మనిషి మొదటి కొలత చాలన్నాడు. ఇంజనీరు గారు ఏమీ అనకుండా మూడూ రాసుకున్నారు. ఆయన పెన్ను మూడో అంకె దాకా వెళ్లే వరకు నేను ఊపిరి బిగబట్టుకున్నానని ఇంటికి వచ్చాక తెలిసింది, పక్కటెముకలు నొప్పి పుట్టి.

తర్వాత నిరీక్షణే. నివేదిక పైకి వెళ్లిందని డిసెంబరు 12న తెలిసింది. జనవరి, ఫిబ్రవరి కార్యాలయాల చుట్టూ తిరగడంలో పోయాయి. ఒక అధికారి బదిలీ అయితే ఫైలు కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఫైలు నంబరు చీర కొంగుకు ముడేసుకున్నట్టు గుర్తుపెట్టుకోండి, పేరు చెప్తే ఎవరూ గుర్తుపట్టరు. మార్చి 2025లో లేఔట్‌ను సవరించి ఇవ్వమని వెనక్కి పంపారు. జూన్ రెండో వారంలో సవరించిన నక్షాకు అనుమతి వచ్చింది. వాగుకు తొమ్మిది మీటర్లు. పైపు బదులు రోడ్డు దగ్గర కల్వర్టు. కుంట గీత ఐదు వరుసల లెక్కన. పదకొండు ప్లాట్లు తగ్గాయి. వాళ్ల పట్టా భూమిలో కొంత నీటిమట్టం లోపలికి వచ్చింది. పట్టా పట్టాగానే ఉంటుంది, కట్టడానికి వీల్లేదు.

సంతోషంగా ఇంటికొచ్చి నక్షా మళ్లీ చూస్తే ఒక ఆకుపచ్చ రంగు కనబడింది. వాగు పక్కన వదిలిన తొమ్మిది మీటర్లనే పార్కు అని చూపించారు. బఫర్‌ను పార్కు స్థలం లెక్కలో కలుపుకోవచ్చని నిబంధనలోనే ఉందట. మొదటి నక్షాలో మధ్యలో ఉన్న పార్కు సగానికి తగ్గిపోయింది. కొత్తగా వచ్చే పిల్లలు ఆడుకునేది వాగు గట్టు మీద పొడుగాటి పేలికలాంటి స్థలంలో. పోయిన ప్లాట్ల నష్టాన్ని వాళ్లు అక్కడ పూడ్చుకున్నారు.

బండరాళ్ల గుట్ట పోయింది. వాగుకు ఒక శాఖ ఉంది, వేపకు ఒక శాఖ ఉంది, ఈతకు ఎక్సైజ్ ఉంది. ఒకదాని మీద ఒకటి కూర్చున్న ఆ మూడు బండల కోసం ఏ కాగితం ఏ గుమ్మంలో ఇవ్వాలో నాకు దొరకలేదు. ఏప్రిల్‌లో నాలుగు రోజులు కంప్రెషర్ మోత వినబడింది. గుట్ట మీద నెమళ్లు ఉండేవి. ఇప్పుడు అప్పుడప్పుడు మా నీళ్ల ట్యాంకు మీద వాలుతున్నాయి, అది చూసి పక్కింటివాళ్లు మురిసిపోయి ఫొటోలు తీస్తున్నారు.

ఖర్చు అడిగారు కదా. సమాచార హక్కు రుసుములు, నకళ్లు, నక్షాలు, రిజిస్టర్డ్ పోస్టులు, సర్వేయర్, ఆటోలు, బస్సులు, ఫొటో ప్రింట్లు అన్నీ కలిపి 27,860 రూపాయలు. అందులో చందా 6,200. సెలవులు పదకొండు, నాలుగింటికి జీతం కోసుకున్నారు. వదిన లెక్క ఇందులో లేదు. వాళ్ల ఇంటి జోలికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. కానీ ఇల్లు అమ్ముదామని చూస్తే కొనేవాళ్లు ముందు కుంట గీత అడుగుతున్నారట. పిల్లలు ఇద్దరూ మామూలుగానే తిరుగుతున్నారు. నేనూ వదినా ఎదురుపడితే తల ఊపుకుంటాం.

ఆగస్టులో అలుగును మళ్లీ ఐదు వరుసలకు కట్టారు, రాయితో కాదు, కాంక్రీటుతో. ఆ నెలలోనే ఒక రాత్రి కుంట నిండి అలుగు పోసింది. గొడుగులేసుకుని కాలనీ అంతా వెళ్లి చూశాం. తీర్మానం చేసినవాళ్లు కూడా వచ్చారు. వాగు నిండుగా, గట్టుకు రెండడుగుల కింద పారుతోంది. వీధిలో చుక్క నిలవలేదు. నీరడి తాత మాత్రం పెదవి విరిచాడు. "కొలత సరిపోయింది బిడ్డా, కట్టడం సరిపోలేదు. రాయి అయితే నీళ్లను మెల్లగా దింపేది, ఇది కింద గుంత పెడుతుంది" అన్నాడు. నిజంగానే అలుగు కింద గుంత పడింది. దాని మీద అర్జీ రాయాలి, ఇంకా రాయలేదు.

బతుకమ్మకు కుంట దగ్గరికి వెళ్తే లేఔట్ వాళ్లు చుట్టూ కంచె వేసి గేటు పెట్టారు. వాచ్‌మన్ కుర్రాడు పుస్తకం ముందుకు జరిపి, "మీ ప్లాటు నంబరు ఎంతమ్మా?" అని అడిగాడు. ప్లాటు లేదన్నాను. అయితే పేరు, ఫోను నంబరు, వచ్చిన పని రాయమన్నాడు. నా వెనక ముప్పై మంది ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని నిలబడ్డారు. పై గడిలో ఎవరో అప్పటికే రాసి వెళ్లారు. వదిన చేతిరాత. వచ్చిన పని దగ్గర "కుంట" అని ఉంది. నేను దాని కింద రెండు చుక్కలు పెట్టి సంతకం చేశాను.